స్వప్న ఆంటీ ఆల్బమ్ కోసం ఫెడరల్ వే దాకా

మా అమ్మాయి నిత్యకు పదిహేనేళ్లు. తను ప్రాణం పెట్టుకున్న కొరియన్ బ్యాండ్‌లో ఆరుగురు కుర్రాళ్లున్నారు. వాళ్ల కొత్త ఆల్బమ్ వచ్చిన ప్రతిసారీ నిత్యను షాపుకు తీసుకెళ్లేది నేను కాదు, రెడ్‌మండ్‌లో ఉండే నా స్నేహితురాలు స్వప్న. ఇద్దరూ కలిసి పాటలు వింటారు, అమ్మకాల చార్టులో ఎన్నో స్థానమో చూసి కేకలు పెడతారు, నేను గదిలోకి వెళ్తే మాత్రం మాటలు ఆపేస్తారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈసారి ఆల్బమ్ విడుదలైన శుక్రవారమే స్వప్నకు ఆఫీసులో మీటింగ్ పడింది. పిల్లకు స్కూలు సెలవు. ఎవరూ అడక్కముందే నేను లీవ్ పెట్టేశాను.

మా ఊరు బాతెల్‌లో ఎనిమిదిన్నరకు బయల్దేరి 405 హైవే మీద దక్షిణానికి వెళ్లాం. ఆ షాపున్న ఫెడరల్ వే ఊరికి మామూలుగా యాభై నిమిషాలు. పొద్దుటి ట్రాఫిక్ చూసి, టోల్ కట్టి వెళ్లే ఎక్స్‌ప్రెస్ లేన్ ఎక్కాను. ఆ వేళప్పుడు కారులో ముగ్గురుంటేనే టోల్ ఉండదు.

"ఆంటీ ఉంటే ఫ్రీ, అమ్మా" అంది నిత్య.

నేను విననట్టే ఉండి, "దగ్గర్లో ఇన్ని షాపులుండగా ఇంత దూరం ఎందుకే?" అన్నాను.

"అక్కడ కొంటే చార్ట్‌కి కౌంట్ అవుతుంది. ఫస్ట్ వీక్ చాలా ఇంపార్టెంట్. లాస్ట్ టైమ్ నంబర్ టూ వచ్చింది కదా, నేనూ ఆంటీ ఏడ్చాం."

నా ఇంట్లో నా కూతురు ఏడ్చిందట. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

షాపు పదింటికి తెరుస్తారు. మేం చేరేసరికే ఇరవై మంది దాకా వరుసలో ఉన్నారు. మనిషికి రెండు కాపీలే ఇస్తారు, ఒక్కోటి పాతిక డాలర్లు. కౌంటర్ దగ్గరున్న కొరియన్ ఆవిడ నిత్యను గుర్తుపట్టి నవ్వింది. "ఎప్పుడూ నీతో వచ్చే మీ అమ్మగారు ఇవాళ రాలేదా?" అని ఇంగ్లీషులో అడిగింది. "నేనే అమ్మను" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగా.

నాలుగు కాపీలు వచ్చాయి. ప్రతి దాంట్లో ఆ ఆరుగురిలో ఒకరి ఫొటో కార్డు ఉంటుంది, ఎవరిదో విప్పేదాకా తెలియదు. ఫుడ్ కోర్టులో కూర్చున్నాక నిత్య ఒక కాపీ పక్కన పెట్టింది. "ఇది ఆంటీది. ఓపెన్ చేయకు. ఈవెనింగ్ వీడియో కాల్‌లో కలిసి చూస్తాం" అని చెప్పి టోఫు సూప్ తేవడానికి వెళ్లింది.

నేను విప్పేశాను. పొరపాటున కాదు, కావాలనే. లోపల లీడ్ సింగర్ కార్డు ఉంది, నిత్య మూడు ఆల్బమ్‌ల నుంచి ఎదురుచూస్తున్నది అదే. ట్రేతో వచ్చిన పిల్ల దాన్ని చూసింది. ముఖంలో నవ్వు లేదు.

"ఎందుకు ఓపెన్ చేశావ్?"

"కుళ్లు పుట్టింది. మీ ఆంటీ మీద. వీళ్ల ఆరుగురి మీద కూడా."

నిత్య ట్రే బల్ల మీద పెట్టింది. "ఆంటీ సాంగ్స్ వింటుంది, అమ్మా. నువ్వు 'మళ్లీ ఇంకోటా?' అంటావ్. అంతే" అంది.

సూప్ చల్లారిపోయింది. అక్కడి నుంచే స్వప్నకు ఫోన్ చేసి చేసిన పని చెప్పాను. "అయ్యో, దానికేముంది అక్కా! ఆ కార్డు నిత్యనే ఉంచుకోమను" అంది. ఆ మంచితనానికి ఇంకా మండింది.

తిరుగు ప్రయాణంలో, "పాటలు మొదటి ఆల్బమ్ నుంచి పెట్టు" అన్నాను. రెంటన్ దాటేదాకా పిల్ల ముభావంగానే ఉంది. తర్వాత, ఏ పాటలో ఎవరి గొంతు ఎక్కడొస్తుందో చెప్పడం మొదలుపెట్టి బాతెల్ దాకా ఆపలేదు. వాళ్లలో ఒకడి బొంగురు గొంతు నాకు నిజంగానే నచ్చింది. ట్రాఫిక్ ఇంకాస్త ఉంటే బాగుండుననిపించింది.

కారు ఆపీ ఆపగానే నిత్య ఫోన్ చెవిన పెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది. "ఆంటీ, గెస్ వాట్! అమ్మకి ఒక ఫేవరెట్ దొరికాడు!"

నా సంతోషం కూడా ముందు స్వప్నకే చేరింది. అసూయ తగ్గిందని అబద్ధం చెప్పను. కాకపోతే ఇప్పుడు వాళ్ల మాటల్లో నా పేరు కూడా ఉంది. మీరూ పొద్దున్నే 405 మీద వెళ్లేట్టయితే ఒక్క మాట: ముగ్గురుగా వెళ్లండి, టోల్ ఉండదు. వచ్చే ఆల్బమ్‌కి స్వప్నను నేనే పిలుస్తాను. వెనక సీట్లో కూర్చోబెడతాను.