నా ఒంటి దురద తీసిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు నన్ను మీ మధ్య నిమ్మళంగా నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం! నా పేరు సుగుణమ్మ, మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. నా కిడ్నీలు రెండూ పాడై, నేనూ మా ఆయన ఏసుదాసూ డయాలసిస్ కోసం బస్సెక్కి కర్నూలుకు తిరిగేవాళ్లం. ఆ డయాలసిస్ మిషను నా ప్రాణం నిలిపింది గానీ, ఒళ్లంతా దురద పట్టుకుంది! పైపై దురద కాదది, లోపలినుంచి పుట్టే మంట, రక్తం వచ్చేదాకా గోకినా పోదు, వేపాకు నీళ్లు పోసుకున్నా, మాత్రలు మింగినా పోదు, మందిరంలో కూర్చుంటే పక్కవాళ్లు అంటువ్యాధేమోనని జరిగి కూర్చునేవాళ్లు, మనవరాలిని ఎత్తుకోలేక ఏడ్చేదాన్ని!

ఒకనాడు తెగించి చెప్పేశాను.

"నేనింక డయాలసిస్‌కు రానయ్యా. ఇట్లనే పోతా."

"అట్లనొద్దే," అంటూ ఆయన నా పక్కనే మోకరించాడు. "ప్రభువా, దీని బాధ సూడలేకుండా ఉండా, ఏదో ఒక దోవ సూపీ తండ్రీ!"

ఆయన బతిమాలితే మళ్లీ వెళ్లాను. పుండ్లుపడిన నా చేతులు చూసి డాక్టరమ్మ ఆగిపోయింది.

"మిషనుకు చిక్కని విషాలు కొన్ని రక్తంలోనే ఉండిపోతాయమ్మా. వాటికి మిషనుకే తగిలించే ఇంకో గొట్టం ఉంది, దాని నిండా సన్నటి ప్లాస్టిక్ గుళికలు. వాటికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, రక్తం పోతాంటే విషం వాటికి అతుక్కుంటాది. అందరికీ తగ్గుతాదని మాటియ్యలేను."

మా ఆయన బెదిరిపోయాడు. "రక్తంలోకి ప్లాస్టిక్కు పోతాదా మేడమ్?"

"లేదప్పా, గుళికలు గొట్టంలోనే ఉంటాయి. రక్తం ఒక్కటే తిరిగొస్తాది."

ప్రార్థన చేసి ఒప్పుకున్నాం. మొదటిసారి ఏ మార్పూ లేదు, నా విశ్వాసం సన్నగిల్లింది, అయినా మానలేదు. కొన్నిసార్లు అయ్యాక, ఒక మధ్యాహ్నం తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయానంట! ఓర్వకల్లు రాళ్లగుట్టలు కనబడేదాకా నాకు మెలకువ రాలేదు. లేచి చూస్తే మా ఆయన కళ్లనిండా నీళ్లు.

"సుగుణా, దోవంతా ఒక్కసారన్నా గోక్కోలేదే నువ్వు!"

అంటూనే "స్తోత్రం!" అని అరిచాడు, బస్సంతా మావైపు తిరిగింది, కండక్టరు ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు, నేను ఏడుస్తూ నవ్వుతూ నా చేతులు అతనికి చూపించాను! మహిమంతా దేవునికే!

నా కిడ్నీలు బాగుపడలేదు, డయాలసిస్ ఇంకా నడుస్తూనే ఉంది, ఆ మాట దాచను. కానీ ఆ దురద పోయింది! మనుషులకు ఆ గుళికలు చేసే జ్ఞానమిచ్చినవాడు దేవుడు కాడా? బాధలో ఉన్న తల్లీ, తండ్రీ, వైద్యం మానొద్దు, ప్రార్థన విడవొద్దు, ఆయనను నమ్మి చూడండి. ఇదిగో, నా మనవరాలు నా చంకలోనే ఉంది!