అంకె మీద మడత

మా అక్క కూతురు పుట్టినప్పుడు ఏడవలేదు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసిన లారీలా రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత నిలకడగా గుర్రుమంది. నర్సు కంగారుపడి డాక్టర్ని పిలిస్తే ఆయన చెవి పెట్టి విని, "ఇంజను బాగానే ఉంది" అని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో నా మాటలకి నాలుగో వంతు తగ్గించి వినడం అలవాటు. ఈ ముక్కకి మీరూ తగ్గించుకోండి, నేనేమీ అనుకోను. మిగతాదానికి మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు ఆమెకి నలభై నాలుగేళ్ళు. ఊరి చివర, టైర్ల గోడౌనుకీ కలప డిపోకీ మధ్య ఒక రేకుల షెడ్డు ఆమెది. షెడ్డు నేలలో రెండు లావుపాటి ఇనప రోలర్లుంటాయి. కారు చక్రాలు వాటి మీద ఆనించి, ముందూ వెనకా పట్టీలతో నేలకి బిగించి, యాక్సిలరేటర్ ఆసాంతం తొక్కుతారు. కారు అంగుళం కదలదు, రోలర్లు మాత్రం గిర్రున తిరుగుతాయి. అవి ఎంత త్వరగా ఊపందుకున్నాయో చూసి ఇంజను బలమెంతో కంప్యూటరు లెక్కకట్టి కాగితం మీద గీస్తుంది. ఆ యంత్రం పేరు డైనో. దాని మూలాన మెకానిక్కులందరికీ మా పిల్ల రోలరక్క అయిపోయింది.

కొండ దారి మీద కార్ల పందాలు నడిపే క్లబ్బొకటి ఉంది. మూడు వందల గుర్రాల బలం దాటిన కార్లు పెద్ద తరగతి, దాటనివి చిన్న తరగతి. ఏ కారు ఎందులోకి వెళ్ళాలో రోలరక్క సంతకం ఉన్న కాగితం చూసి రాసుకుంటారు, మారు మాట అడగరు. పంతొమ్మిదేళ్ళలో ఆమె సంతకం చేసిన కాగితం ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆమె గర్వపడేది ఆ ఒక్క విషయానికే.

దానికి ఆమె పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ప్రింటరు లోంచి వచ్చే కాగితం నెత్తిన, కారు చూపించిన గరిష్ఠ బలం పెద్ద అంకెలతో అచ్చవుతుంది. ఆమె కాగితం తీసుకోగానే ఆ అంకె చూడకుండా పై భాగాన్ని వెనక్కి మడిచేస్తుంది. ముందు కింది గీతలన్నీ చదువుతుంది. అవి కుదిరాయనిపిస్తేనే మడత విప్పుతుంది. ఇది వాళ్ళమ్మ నుంచి వచ్చిన గుణం. మా అక్క టైలరు. నీ నడుమెంత అని ఎవర్నీ నోటితో అడిగేది కాదు, టేపు చుట్టేది. మనుషులు నడుము దగ్గర చెప్పినన్ని అబద్ధాలు కోర్టులో కూడా చెప్పరని ఆవిడ నమ్మకం.

ఆ శనివారం పొద్దున పళ్ళ డాక్టరొకాయన కారు తెచ్చాడు. బయటికి చూస్తే పెళ్ళాంబిడ్డలతో షికారుకెళ్ళే కారే. లోపల మాత్రం మామూలు దానికన్నా పెద్ద టర్బో వేయించాడు. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఊపుతో తిరుగుతూ, అదే ఇంజనులోకి గాలిని దట్టించి కూరే పంకా. ఆయన బావమరిది కారు మూడు వందల రెండట. ఇద్దరికీ పందెం: మర్నాడు కొండ మీద ఓడినవాడు ఏడాదిపాటు గెలిచినవాడి కారు కడగాలి. ఒకే తరగతిలో ఉంటేనే పందెం. పేర్లివ్వడానికి ఆ సాయంత్రం ఐదింటి దాకానే గడువు.

మొదటి పరుగు అయింది. మా పిల్ల కాగితం మడిచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎంతమ్మా?" అన్నాడు డాక్టరు.

"మడత విప్పలేదింకా డాక్టరు గారూ."

"విప్పండి మరి! అదేమన్నా ఆపరేషన్ కుట్టా?"

"ఉండండి. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే దగ్గర టర్బో చక్కగా అందుకుంటోంది. గీత మధ్యలో ఎక్కడా గుంట లేదు. పైకెళ్ళాక కూడా గాలీ పెట్రోలూ పాళ్ళు తప్పలేదు. ఆరోగ్యంగా ఉంది మీ బండి." అప్పుడు విప్పింది. రెండు వందల ఎనభై ఆరు.

డాక్టరు మొహం వాడిపోయింది. "మా బావమరిదిది మూడొందల రెండండీ!"

"ఎవరు కొలిచారు?"

"వాడే చెప్పాడు."

"ఓహో, నోటితో కొలిచారన్నమాట."

డాక్టరు డిక్కీలోంచి కొత్త ఎయిర్ ఫిల్టరు తీశాడు. ఇది పెడితే ఇరవై పెరుగుతుందని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడట. "ఇరవై రాదండీ" అంటూనే ఆమె పాతది విప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది, నేను తడిసి ముద్దయి షెడ్డులో అడుగుపెట్టాను. శనివారాలు నేను అక్కడే కూర్చుంటాను. నా సలహా లేకుండా ఆ షెడ్డు నడవదు, నేను ఎన్నడూ సలహా ఇవ్వకపోయినా సరే. కిటికీ పక్కన కొక్కేనికి వైరుతో ఒక చిన్న డబ్బా వేలాడుతోంది. దాన్ని తీసి, పొగ బయటికి పోయే గొట్టం పక్కనున్న మేకుకి తగిలించి, కొక్కేనికి నా రెయిన్‌కోటు వేశాను. మనిషి కోటు కన్నా డబ్బా ఎక్కువా?

రెండో పరుగు అయింది. కాగితం ఆమె చేతికి అందేలోపే డాక్టరు ప్రింటరు లోంచి లాగేశాడు.

"మూడొందల ఏడు! అమ్మా, మూడొందల ఏడు!"

షెడ్డంతా మార్మోగింది. పక్క గోడౌను వాళ్ళు కూడా వచ్చి చూశారు. డాక్టరు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఆ ఊపులోనే పెన్ను అందించాడు, ఆ ఊపులోనే ఆమె సంతకం పెట్టేసింది. మడత పెట్టలేదు. ఆయన వెంటనే కాగితం ఫొటో క్లబ్బుకి పంపి, ఫోన్ చేసి పెద్ద తరగతిలో పేరు రాయించుకున్నాడు. ఆ వెంటనే బావమరిదికి చేసి, "బకెట్టు కొనుక్కోరా!" అన్నాడు.

మా పిల్ల మాత్రం నవ్వలేదు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"డాక్టరు గారూ, ఒకసారి ఇలా రండి. ఒక పన్ను వాచిందనుకోండి, ఎక్స్‌రేలో ఎక్కడ తేడా కనిపిస్తుంది?"

"ఆ పన్ను దగ్గర."

"ముప్పై రెండు పళ్ళూ ఒకే పాళ్ళలో పెద్దవై కనిపిస్తే?"

"పళ్ళు ఎక్కడన్నా అలా పెరుగుతాయామ్మా? మిషను దూరం మారిందన్నమాట..." అంటూ, డాక్టరు చటుక్కున కాగితాల మీదికి వంగాడు.

"ఫిల్టరు వల్ల బలం పెరిగితే పైన, గాలి చాలని చోట పెరగాలి. ఇది చూడండి, మొదటి నుంచి చివరి దాకా గీత మొత్తం ఒకే లెక్కన లేచింది. టర్బో ఒత్తిడి మారలేదు. రోలర్లు ఊపందుకోవడానికి ఇందాకా తొమ్మిదిన్నర సెకన్లే, ఇప్పుడూ తొమ్మిదిన్నరే. బలం నిజంగా పెరిగితే ఇంకా త్వరగా తిప్పాలి కదా?"

తర్వాత కాగితం కింది మూల చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. గాలి వేడి: అరవై ఒక్క డిగ్రీలు. బయట వాన, షెడ్డులో ఈదురుగాలి.

ఇక్కడో మాట చెప్పాలి. వేడి గాలి పలచన, అందులో ఇంజను బలం తగ్గుతుంది. అందుకని కంప్యూటరు ఆ రోజు గాలి వేడి చూసి, తగ్గినంత బలాన్ని తనే కలిపి అంకె వేస్తుంది. వేడి తప్పు చూపిస్తే, లేని బలం కూడా కలిపేస్తుంది. నా మాటలకి మా ఇంట్లో వాళ్ళు తగ్గించినట్టు, కారు బలానికి కంప్యూటరు కలుపుతుంది.

ఆమె కంప్యూటరు దగ్గర, గాలి వేడి కొలిచే డబ్బా వైరు పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ గోడ వెంట నడిచింది. వైరు వేడి గొట్టం పక్కన ఆగింది. పాత కొక్కేనికి నా కోటు నీళ్ళు కారుస్తోంది. నేను వెంటనే ఒళ్ళో పత్రిక పెట్టుకుని నిద్రలోకి జారుకున్నాను.

"మావయ్యా, నిద్రపోయేవాళ్ళు పేజీలు తిప్పరు."

కాన్వెంటులో చదివినవాణ్ణి. తప్పు ఎలా ఒప్పుకోవాలో సిస్టర్లు బాగానే నేర్పారు. ఎంత త్వరగా ఒప్పుకోవాలో వాళ్ళు చెప్పిన రోజు నేను స్కూలు ఎగ్గొట్టి ఉంటాను. "డబ్బా తడుస్తుందని పక్కన పెట్టానే తల్లీ" అన్నాను.

డాక్టరు గొంతు తగ్గించాడు. "అయిందేదో అయిపోయింది. సంతకం పెట్టేశారు కూడా. ఎవరికి తెలుస్తుందమ్మా?"

"నాకు తెలిసిపోయిందిగా."

డబ్బాని దాని చోట తగిలించి మూడో పరుగు చేసింది. ఈసారి కాగితాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మడిచింది, చదివింది, విప్పింది. రెండు వందల ఎనభై ఏడు.

"పోనీ ఆ ఒక్కటన్నా ఫిల్టరుదేనా?" అన్నాడు డాక్టరు.

"అది ఎవరిదీ కాదండీ. ఒకే మనిషి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తూగినా అంత తేడా వస్తుంది."

నాలుగున్నరకి ఆమె క్లబ్బుకి ఫోన్ చేసింది. "నేను సంతకం పెట్టిన కాగితం ఒకటి తప్పు. చూడకుండా పెట్టాను. డాక్టరు గారి పేరు చిన్న తరగతిలోకి మార్చండి." అవతలివాడికి నమ్మకం కుదరలేదు. మాట్లాడేది నిజంగా ఆమేనా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ "నేనే" అంది.

డాక్టరు బావమరిదికి చేసిన ఫోను మాత్రం మేమందరం విన్నాం. నవ్వు అంత గట్టిగా వచ్చింది. ఆ నవ్వు ఆగేదాకా ఓపిక పట్టి, "సరే గాని, నీ మూడొందల రెండుని కూడా ఇక్కడికి తీసుకురారా, రోలరక్క కొలుస్తుంది" అన్నాడు డాక్టరు. ఇది జరిగి ఐదు నెలలైంది. ఆ బావమరిది ఇంకా తీరిక చేసుకోలేదు. డాక్టరు మాత్రం మర్నాడు చిన్న తరగతిలో నాలుగో వాడిగా వచ్చి, అప్పటినుంచి వారం వారం తన కారు తనే కడుక్కుంటున్నాడు.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి ప్రింటరు పైన గోడకి ఆ మూడొందల ఏడు కాగితం అంటించి ఉంది. దాని మీద ఆమె చేతిరాత: "ఇది తప్పు. మడత పెట్టకుండా సంతకం చేశాను." నా కోటు ఊసు అందులో ఎక్కడా లేదు. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు వెతికాను.

తలుపు పక్కన మాత్రం, వైర్లకీ గొట్టాలకీ అందనంత దూరంలో, నా చేతికి అందేంత ఎత్తులో కొత్త మేకు ఒకటి దిగ్గొట్టి ఉంది. కోటు దానికి తగిలించి వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు వాన లేదు.