నావికుల కోసం మూసేసిన రోడ్డు

రేవులో అతన్ని అందరూ వ్యాను బాబాయ్ అంటారు. అసలు పేరు డ్రైవింగ్ లైసెన్సు మీద ఉంది కానీ అది పోలీసులు తప్ప ఎవరూ చదవలేదు. పందొమ్మిదేళ్లుగా అతని పని ఒక్కటే. ఓడ దిగినవాళ్లని రేవు గేటు దగ్గర ఎక్కించుకుని, మూడు కిలోమీటర్ల అవతల ఉన్న నావికుల సెంటర్లో దింపి, రేవు దాటడానికి ఇచ్చిన పాసు గడువు తీరేలోగా మళ్లీ గేటు దగ్గర వదలడం. సెంటరంటే నాలుగు సోఫాలు, ఒక బిలియర్డ్స్ బల్ల, ఇంటర్నెట్టు. వారాల తరబడి ఇంటివాళ్ల గొంతు వినని మనిషికి ఆ మూడోది చాలు. బల్ల దాతగారి ఫొటో కోసం.

వ్యాను పనైపోయింది. రెండో గేరు పడదు. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు కాబట్టి బాబాయ్ చుట్టూ తిరిగొచ్చి, పెళ్లివారిని దింపినట్టు ఒక్కొక్కరినీ దింపాలి. వచ్చే తనిఖీ తర్వాత దీన్ని రోడ్డెక్కనివ్వరని మెకానిక్ మొహం మీదే చెప్పేశాడు. వ్యాను లేకపోతే సెంటర్‌కి నావికులు రారు, బాబాయ్‌కి జీతం రాదు.

సరిగ్గా అప్పుడే ఒక షిప్పింగ్ కంపెనీకి నావికుల మీద ప్రేమ పొంగింది. మారథాన్ పెట్టి విరాళాలు పోగుచేస్తారట. సెంటర్ మనిషి ఎవరైనా ఆరు గంటల్లోపు పరుగు పూర్తిచేస్తే ఆ సొమ్ముతో కొత్త వ్యాను. లేదంటే సొమ్మంతా కంపెనీవారి అవగాహన కార్యక్రమాలకు. ఎవరికి, దేని మీద అవగాహనో ఎవరూ అడగలేదు. సెంటర్ కమిటీలో తొమ్మిది మంది. మారథాన్ మాట ఎత్తగానే తొమ్మిది మందికీ ఒకేసారి మోకాళ్లు గుర్తొచ్చాయి.

"నువ్వు పరిగెత్తవయ్యా, సన్నగా ఉంటావు" అన్నారు అధ్యక్షులు.

"సన్నగా ఉన్నా డ్రైవర్ని సార్. పందొమ్మిదేళ్లుగా కూర్చునే ఉన్నాను."

"అందుకే చెప్తున్నా. కాళ్లు అరగలేదు."

యాభై ఒకటో ఏట బాబాయ్ పరుగు మొదలుపెట్టాడు. మొదటి వారం పాల దుకాణం దాకా వెళ్లి, ఆటోలో తిరిగొచ్చాడు. ఇంట్లో కుట్టుపని చేసే భార్య మిషను ఆపి మరీ చెప్పింది: "ఏమండీ, మిమ్మల్ని ఎవరు తరుముతున్నారని పక్కింటావిడ అడుగుతోంది. ఏం చెప్పను?"

"కంపెనీవాళ్లని చెప్పు."

ఎనిమిది నెలలకి ఐదు గంటల యాభై నిమిషాల్లో నలభై రెండు కిలోమీటర్లూ లాగించేశాడు. తన దగ్గరుండే సెంటర్ తాళంచెవి మాత్రం పరుగు రోజు కూడా ఎవరికీ ఇవ్వనన్నాడు. ఉన్నది ఒక్కటే, పోతే మళ్లీ కమిటీ మీటింగు పెట్టాలి. "తాళాలు మోసుకుని పరిగెత్తడమేంటండీ, ఇల్లు ఖాళీ చేసి పారిపోతున్నట్టు!" అని తిడుతూనే భార్య అతని నిక్కరుకి లోపల జేబు కుట్టింది.

దారి కమిటీయే నిర్ణయించింది. నావికుల కోసం పరిగెత్తుతూ రేవు వైపు వెళ్లకపోతే బావుండదు కాబట్టి, పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా, గేటు మీదుగా సెంటర్ ముందు నుంచి పోయే రేవు రోడ్డు బంద్. బాబాయ్ చెయ్యెత్తాడు.

"మరి ఓడల మీదున్నవాళ్లు సార్?"

"ఆదివారం కదయ్యా."

అధ్యక్షులు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆదివారం సముద్రం కూడా కౌంటరు మూసేస్తుందని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం ముప్ఫై ఒకటో కిలోమీటరు, రేవు గేటు. టైము పదీ పది. ఇదే ఊపులో వెళ్తే బాబాయ్ పన్నెండులోపే చేరతాడు, వ్యాను వచ్చినట్టే. "బాబాయ్!" అని ఎవరో కేకేశారు. ఏ దేశపు నావికుడైనా ఈ రేవులో నేర్చుకునే మొదటి మాట అదే. గేటు లోపల నలుగురు, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలతో నిలబడి ఉన్నారు. ఏడు వారాల తర్వాత నేల మీద కాలు పెట్టారు. పాసు ఒకటిన్నర దాకానే.

"వ్యాను?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు, ఓడ వంటవాడు.

బాబాయ్ ఆగాడు. గేటు కాపలావాడు తల అడ్డంగా ఊపాడు.

"చొక్కాకి పరుగు నంబరున్నవాళ్లకే దారి బాబాయ్. పైనుంచి ఆర్డరు."

"ఒరేయ్, మేం పరిగెత్తేదే వీళ్ల కోసంరా!"

"అది మీరూ మీరూ చూసుకోండి. వీళ్ల నంబర్లేవీ?"

పక్కనే మధ్యలో మానేసినవాళ్ల టెంటు. వాళ్లు విప్పి పడేసిన నంబర్లన్నీ అట్టపెట్టెలో గుట్టగా ఉన్నాయి. బాబాయ్ నాలుగు తీసి, పిన్నీసులతో నలుగురి చొక్కాలకీ తగిలించాడు. టెంట్లో అమ్మాయి వాళ్ల చెప్పుల వైపు అనుమానంగా చూసింది. "వీళ్లు ఎప్పుడు బయల్దేరారండీ?"

"ఏడు వారాలైందమ్మా."

వంటవాడికి దొరికిన నంబరు మీద ఎవరో దంతవైద్యుడి పేరుంది. దారి పొడవునా జనం "శభాష్ డాక్టరుగారూ!" అని చప్పట్లు కొడుతుంటే, అతను వంగి వంగి దండాలు పెట్టాడు. ఓడలో ఏ కూరకీ అంత మర్యాద దక్కి ఉండదు. చెప్పుల కాళ్లతో మూడు కిలోమీటర్లకి ముప్పావుగంట దాకా పట్టింది. సెంటర్‌కి తాళం. లోపల ఉండాల్సిన కార్యకర్తలందరూ నావికుల సంక్షేమం కోసం దారిలో మంచినీళ్లు పంచుతున్నారు. బాబాయ్ జేబులోంచి చెవి తీసి తెరిచాడు. ఇంటర్నెట్టు మొరాయించింది. దాన్ని ఆపి, వేసి, మళ్లీ ఆపి, వేసి పావుగంట తగలేశాడు. వంటవాడి ఫోన్లో ఒక ఆడమనిషి మొహం కనిపించి కేకలు మొదలయ్యాక బయటపడ్డాడు.

పన్నెండూ ఇరవై ఒకటికి ముగింపు గీత దాటాడు. తోరణం సగం విప్పేశారు. కంపెనీ మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు.

"ఇరవై ఒక్క నిమిషాలు ఎక్కువైందయ్యా" అన్నారు అధ్యక్షులు, నిజంగానే బాధపడుతూ. "రూలు రూలే కదా."

బాబాయ్ గట్టు మీద కూలబడి బూట్లు విప్పాడు. ఎదురుగా పత్రిక విలేకరి కనపడ్డాడు.

"సరే సార్. ఎందుకు లేటైందని ఆ అబ్బాయి అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?"

"ఏం చెప్తావు?"

"జరిగిందే. నావికుల కోసం రోడ్డు మూసేస్తే నావికులు గేట్లో ఇరుక్కుపోయారు, సెంటర్‌కి తాళం పడింది..."

అధ్యక్షులు మేనేజరు వైపు చూశారు. మేనేజరు తన కంపెనీ పేరున్న బ్యానరు వైపు చూశాడు. కమిటీ అక్కడికక్కడే, నిలబడే, సమావేశమైంది. మార్గమధ్యంలో సేవ నిమిత్తం ఆగిన పాతిక నిమిషాలూ పరుగు సమయంలో కలపరాదని తీర్మానించింది. వ్యతిరేకించినవారు లేరు. బాబాయ్ టైము ఐదు గంటల యాభై ఆరు నిమిషాలు. వ్యాను ఖాయం.

పక్కనే మంచినీళ్ల సీసా పట్టుకున్న భార్య అంతా విని, చెవిలో అంది: "ఆ మాటేదో మొదట్లోనే అనుంటే ఎనిమిది నెలలు ఈ పరుగు తప్పేది కదండీ."

"లేటవ్వాలంటే ముందు బయల్దేరాలి కదే" అన్నాడు బాబాయ్. లేవబోతే మోకాళ్లు వంగలేదు. ఇద్దరు కమిటీ సభ్యులు చెరో భుజం పట్టుకుని అధ్యక్షులవారి కారెక్కించారు. తిన్నగా సెంటర్‌కి పోనిమ్మన్నాడు. నలుగురినీ ఒకటిన్నరకల్లా గేటు దగ్గర దింపాలి.