వెనక్కి చూసే జింక

గుంటూరులో పాత సామాన్ల కొట్టతను ఆ పెద్ద డ్రమ్ముకి ముందు పొర విప్పగానే మిరపకాయ ఘాటు గుప్పున కొట్టి, నాకు తుమ్ముల మీద తుమ్ములు వచ్చాయి. దుమ్మండీ, పాత సరుకు కదా, అని అతను నొచ్చుకున్నాడు. దుమ్మేమిటి నా మొహం! మిరప కళ్ళాల్లో పెరిగినదాన్ని, ఏది దుమ్మో ఏది కారమో నా ముక్కుకి ఒకరు చెప్పాలా? నాన్న పోయాక ఆయన డ్రమ్ముల కోసం నేను తిరగని ఊరు లేదు. నిజానికి నాకు కావలసింది డ్రమ్ములు కూడా కాదు, పెద్ద డ్రమ్ము కడుపులో మా అమ్మ కుట్టి పెట్టిన దిండు. అమ్మకి ఒక్క ఫొటో అయినా లేదు. ఆవిడ చేతిపని ఏదైనా మిగిలి ఉంటే ఆ దిండొక్కటే.

మాది మార్టూరు దగ్గర పల్లెటూరు. మేం దూదేకులవాళ్ళం. మా తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, అరుగుల మీద పాత పరుపులు విప్పి దూది ఏకేవాడు. ఆ నారి టుంగుటుంగుమంటుంటే దూది గాల్లోకి లేచి మా జుట్టు మీదా కనుబొమల మీదా వాలేది, పిల్లలందరం ఒక్కసారిగా ముసలాళ్ళమైపోయి వంగి వంగి నడిచి ఒకళ్ళనొకళ్ళం వెక్కిరించుకునేవాళ్ళం. పాత దూది ఎవరూ పారెయ్యర్రా, ఏకితే మళ్ళీ కొత్తదే, అనేవాడు తాత. నాన్న మస్తాన్ కూడా పరుపులు కుట్టేవాడు కానీ, మనసంతా డ్రమ్ముల మీదే. పత్తి తీతలైపోయి, మిరపకాయలు కళ్ళాల్లో ఎర్రగా పరుచుకుని, ఊరంతా ముక్కులకి గుడ్డలు కట్టుకుని తిరిగే రోజుల్లో పెళ్ళిళ్ళూ తిరునాళ్ళూ మొదలయ్యేవి. ఇక నాన్న ఇంట్లో కనిపిస్తే ఒట్టు, ఆర్కెస్ట్రా వ్యానులోనే కాపురం.

నాన్న డ్రమ్ములు జింక మార్కువి. కలకత్తాలో ఎక్కడో చేసేవారట. ఆ కంపెనీవే మూడు రకాలు మా వైపు తిరిగేవి, మూడింటి జాతకాలూ నాన్న నాకు నూరిపోశాడు. అన్నిటికన్నా పాతదాని ఇత్తడి బిళ్ళ మీద జింక మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఉంటుంది. చెక్క మందం, లోపల రంగు పుయ్యరు, పొరని బిగించే మరల గూళ్ళు వేలెడు పొడుగున ఉంటాయి, కొడితే మోత నేల మీద పాకుతూ వస్తుంది. తర్వాత వచ్చినదాంట్లో జింక పరిగెడుతూ ఉంటుంది. గూళ్ళు పొట్టివి, లోపల తెల్ల రంగు, గొంతు పెద్దదే కానీ గుండె లేదనేవాడు నాన్న. చివరిదానికి బిళ్ళే లేదు, జింక తలకాయ ఉన్న కాగితం ముక్క. ఒక వాన తగిలిందా, కాగితమూ చెక్కా రెండూ పొరలు పొరలుగా లేచిపోయేవి. తిరునాళ్ళలో తోటి పిల్లలు జీళ్ళ కోసమూ రంగులరాట్నం కోసమూ పేచీ పెడుతుంటే, నేను చెరుకుగడ నములుతూ దీపాలతో నిలబెట్టిన ఎత్తైన ప్రభలన్నిటి దగ్గరా స్టేజీలు తిరిగి, ఏ ఆర్కెస్ట్రాది ఏ జింకో చూసొచ్చి నాన్నకి చెప్పేదాన్ని. ఆయనేమో స్టేజీ దాకా వెళ్ళకుండానే, మోత విని నాకన్నా ముందే చెప్పేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మాది వెనక్కి చూసే జింక. దానికి ఒక మర గూడు విరిగితే అలాంటిది దొరక్క, పరిగెత్తే జింకది తెచ్చి బిగించాడు నాన్న. పొడుగు గూళ్ళ మధ్య ఆ ఒక్కటీ పొట్టిగా, పెళ్ళివారి వరసలో పిల్లాడిలా ఉండేది. మోత మరీ గోల చెయ్యకుండా డ్రమ్ము లోపల పొరకి ఆనించి మెత్తటిదేదో పెట్టాలి. మిగతావాళ్ళు గోతాలు కుక్కేవాళ్ళు. దూదేకులవాడి డ్రమ్ములో గోతమా, అని అమ్మ నవ్వి, తన గచ్చకాయ రంగు నేతచీర చింపి, పొడుగ్గా సన్నగా, మనిషి తలకి బొత్తిగా పనికిరాని దిండొకటి కుట్టింది. ఏటా పీర్ల పండగ కాగానే, మలీదా చేసిన చేతులు కడుక్కుని కూర్చుని, అందులో దూది మార్చేది. నేను ఏడో తరగతిలో ఉండగా, జ్వరమని మంచమెక్కిన మనిషి మళ్ళీ దిగలేదు.

ఆ తర్వాత నాన్న ఆ దూది మార్చనివ్వలేదు. అది ఉండకట్టి మోత మొద్దుబారిపోయింది. ఒకసారి ఆర్కెస్ట్రా మాస్టారు మా వాకిట్లోనే అడిగేశారు.

"మస్తానూ, ఆ దిండు మార్చవయ్యా. చప్పుడు చచ్చిపోతోంది."

"ఉండనియ్యండి మాస్టారూ. కుట్టిన మనిషి లేదు," అన్నాడు నాన్న.

కొన్నాళ్ళకి రిథమ్ ప్యాడ్‌లొచ్చి ఆ తగువూ తీరిపోయింది. పలకంత పెట్టె, వేళ్ళతో తడితే అన్ని డ్రమ్ములూ అందులోనే. నేను ఒంగోలులో హాస్టల్లో ఉండగా నాన్న డ్రమ్ములు పక్కూరి చర్చివాళ్ళకి ఇచ్చేశాడు. సెలవులకి వచ్చి ఏడిస్తే, వెనక్కి చూసే జింక ఎక్కడికి పోతుందమ్మా, అని సముదాయించాడు. నా వయసుకి ఆ మాట సరిపోయింది. దిండు సంగతి ఆయన ఎత్తలేదు, నాకూ అడగాలనిపించలేదు. డ్రమ్ములతోపాటే పోయిందనుకున్నాను.

ఇన్నేళ్ళకి ఇదిగో, ఈ కొట్లో. ఇత్తడి బిళ్ళ పచ్చబడిపోయింది కానీ జింక మెడ వెనక్కే ఉంది. లోపల రంగు లేదు. చెయ్యి వేసి చుట్టూ తడుముకుంటూ వస్తే, పొడుగు గూళ్ళ మధ్య ఆ పొట్టిది వేలికి తగిలింది. లోపల ముడుచుకుని ఉన్నదాన్ని రెండు చేతులా బయటికి లాగాను. గోతం. కళ్ళాల్లో మిరపకాయలు తొక్కే గోతం, మడత పెట్టి చుట్టూ కుట్టేసి ఉంది. చర్చివాళ్ళ పనేమో అనుకుందామంటే, ఆ కుట్టు దబ్బనంతో వేసిన పరుపు కుట్టు, మూల మూలకీ రెండు ముళ్ళు. అలా రెండు ముళ్ళు వేసేది మా నాన్న ఒక్కడే. దూదేకులవాడి డ్రమ్ములో గోతం కుక్కింది నాన్నే! అంటే అమ్మ దిండు ముందే తీసి దాచుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ముసలితనాన నా దగ్గరికి వచ్చేస్తూ నాన్న చంకలో పెట్టుకొచ్చిన దిండు. నీలం చారల పరుపు గుడ్డలో గట్టిగా కుట్టేసినది, పొడుగ్గా, సన్నగా. మెడ పట్టేస్తుంది నాన్నా, అని నేను మెత్తటి దిండు కొనిచ్చినా ముట్టుకోలేదు. చాదస్తం అనుకుని ఊరుకున్నాను. మంచం పట్టాక కూడా అదే పలవరింత.

"ఆ దిండు ఇటియ్యమ్మా."

ఇచ్చేదాన్ని. దాని మీదే తల పెట్టుకుని పోయాడు. పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని పెద్దవాళ్ళు చెబితే, మా ఆనవాయితీ ప్రకారం చాపా దుప్పటీ దిండూ మూటకట్టి, వాకిట్లోకొచ్చి అడిగిన మనిషి చేతిలో పెట్టాను. ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. ఆ చారల గుడ్డ లోపల ఉన్నది అమ్మ దిండని ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది నాన్నా?

"తీసుకుంటారా మేడం? వీటిని టీపాయిలు చేయించుకుంటున్నారండి," అంటున్నాడు కొట్టతను. జింక మార్కు కంపెనీ మూతపడి చాలాకాలమైందట. మా ఊళ్ళో ఆర్కెస్ట్రా లేదు, తాత విల్లుకి నారి లేదు. నేను గోతాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాను. పాత దూది ఎవరూ పారెయ్యరనేవాడు తాత. మూట పట్టుకెళ్ళినామె కూడా పారేసి ఉండదు, ఏ పిల్లవాడి తల కిందో పెట్టే ఉంటుంది. ఉండకట్టిందని విప్పి, గచ్చకాయ రంగు గుడ్డ చూసి, మళ్ళీ ఏకించుకుందామనుకున్నా, ఇప్పుడు ఏకేవాళ్ళేరీ?