రాజవ్వను నేను నవ్వులపాలు చేయను

మా చిన్నప్పుడు... లింగంపేటలో మధ్యాహ్నం అన్నాలయ్యేసరికి మా ఇంటి అరుగు మీదికి చాటలు చేరేవి. బియ్యం చెరగడానికి కాదు, బీడీలు చుట్టడానికి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, చిన్న కత్తెర. చేతులకు పని, చెవులు ఖాళీ. ఆ ఖాళీ చెవుల కోసమే నేను పుట్టాననుకునేదాన్ని.

బడి సారు నడక, కిరాణా సేటు గొణుగుడు, మా మేనత్త అలక... అన్నీ చేసి చూపించేదాన్ని. ఒక్కటే చిక్కు. నవ్వితే ఒళ్లు కదులుతుంది, ఒళ్లు కదిలితే తంబాకు ఒలికిపోతుంది. అందుకని మా అమ్మ ఒక పద్ధతి పెట్టింది... కట్ట కట్టేదాకా నవ్వించకూడదు, కట్టాక ఎంతైనా నవ్వించొచ్చు. అసలు మాటను నోట్లోనే దాచుకుని వాళ్ల చేతులకేసి చూస్తూ కూర్చునేదాన్ని. టీవీలో నా టైమింగ్ బాగుంటుందని మెచ్చుకునేవాళ్లు ఆ చాటలకు మొక్కాలి.

అందరిలోకీ పెద్ద నవ్వు మా పక్కింటి రాజవ్వ పెద్దమ్మది. ఆమె భర్త దుబాయి వెళ్లాడు. కొన్నాళ్లు కబుర్లు వచ్చాయి... తర్వాత అవీ లేవు. ఆయన ఇప్పటికీ రాలేదు.

ఒకరోజు ఆమే అడిగింది. "అందరిని చేస్తవు గదనే... నన్నెందుకు చేస్తలేవు?"

చేశాను. కొంగు దోపుకోవడం, కోళ్లను తిట్టడం... అరుగంతా గొల్లుమంది. ఆ ఊపులో ఇంకొకటి కూడా చేశాను. మా అరుగు ఎదురుగా కామారెడ్డి బస్సు వచ్చి ఆగినప్పుడల్లా రాజవ్వ చేతిలో ఆకు అలాగే పట్టుకుని తలెత్తి చూసేది. తెలిసిన మనిషి దిగకపోతే తల దించుకుని మళ్లీ చుట్టేది. అదే చేశాను. ఎవరూ నవ్వలేదు. చేతులన్నీ ఆగిపోయాయి. రాజవ్వ మాత్రం నన్ను దగ్గరికి తీసుకుని, మంచిగ చేసినవ్ బిడ్డా అంది.

నిజం చెప్పాలంటే... నవ్వుల కంటే ఆ నిశ్శబ్దమే నాకు ఎక్కువ నచ్చింది.

తర్వాతి సంగతి మీలో చాలామందికి తెలుసు. టీవీ కామెడీ షోలో గయ్యాళి పెళ్లాం వేషం... వారం వారం మొగుడి చేతిలో దిండు దెబ్బలు. సినిమాల్లోకి వెళ్తే పనిమనిషి, లేదంటే హీరో స్నేహితుడి భార్య. రెండు సీన్లు, ఒక చెంపదెబ్బ. ఆ పని నాకు తిండి పెట్టింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ రాజవ్వ కథ రాసుకున్నాను, నేనే డైరెక్ట్ చేస్తాను, రాజవ్వగా నేనే నటిస్తాను అనేసరికి హైదరాబాదులో అందరికీ అర్జెంటు పనులు గుర్తొచ్చాయి.

ఒక నిర్మాత మాత్రం కథంతా విన్నాడు. విని, మొగుడు దుబాయి నుంచి రెండో పెళ్లాంతో దిగినట్టు మార్చమన్నాడు. ఇద్దరు పెళ్లాలూ జుట్టు పట్టుకుని కొట్టుకుంటే జనం పడి పడి నవ్వుతారట. నేను కుదరదన్నాను.

"నీ మొహం కనబడితేనే జనం నవ్వుతారమ్మా. నీకు అన్నం పెట్టేది అదే" అన్నాడు.

"నా అన్నం నేను వండుకుంట సార్" అని లేచి వచ్చేశాను. లిఫ్టు దగ్గరికి వచ్చాక కిందికి బదులు పైకి బటన్ నొక్కాను... అది వేరే సంగతి.

చివరికి, గల్ఫ్‌లో చాన్నాళ్లు పనిచేసి వచ్చి కామారెడ్డిలో టైర్ల దుకాణం పెట్టుకున్న ఒకన్న ముందుకొచ్చాడు. కథ సగంలో లేచి బయటికి వెళ్లాడు. ఈయనా అంతే అనుకున్నాను. మొహం కడుక్కుని వచ్చి, షూటింగ్ ఎప్పుడని అడిగాడు.

లింగంపేటలోనే తీశాం. బీడీల సీనుకు మా అరుగు ఆడవాళ్లనే కూర్చోబెట్టాను. నేను కట్ అంటే ఒక్కరూ ఆగరు. తడిపిన ఆకు ఆరితే విరిగిపోతుంది మరి. నువ్వు ఆగుమంటే ఆకు ఆగుతదా అని మా అమ్మే నన్ను గదమాయించింది. కెమెరామన్ తల పట్టుకున్నాడు. నేను కట్ చెప్పడమే మానేశాను. ఆ సీను సినిమాలో అలాగే ఉంది.

అసలు పరీక్ష కామారెడ్డిలో, మొదటి ఆట. అమ్మ, రాజవ్వ బస్సులో వచ్చి నా పక్కన కూర్చున్నారు. తెర మీద నా మొహం పడగానే హాలంతా నవ్వు. సరే, అలవాటు కదా... కానీ బస్సు ఆగి, భర్త దిగక, నేను తల దించుకునే సీనుకు కూడా నవ్వారు. ఆ నిర్మాత మాటే నిజమైందనుకున్నాను. లేచి వెళ్లిపోబోతే రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"కూసో. వాళ్లకు ఇంక తెల్వలే. తెలిసేదాక సూడనీ."

తెర మీద ఇంకో బస్సు వచ్చింది. నవ్వు తగ్గింది. మరో బస్సు వచ్చింది... వెనక ఎవరో దగ్గారు, అంతే. ఆ తర్వాతి బస్సుకు మా ముందు వరసలో ఒక పెద్దాయన మెడ చాచి బస్సు తలుపుకేసి చూశాడు, దిగుతాడేమోనని. నేను ఏడ్చేశాను.

సినిమా వారమే ఆడింది. దాచేదేం లేదు. మళ్లీ టీవీకి రమ్మని ఫోన్లు వస్తున్నాయి, దిండు కూడా రెడీగా పెట్టారట. అక్కా, నీకెందుకీ ఏడుపు సినిమాలు అని మీరూ కామెంట్లు పెడుతున్నారు. అభిమానంతోనే అంటున్నారని తెలుసు. అయినా వినను. రెండో కథ రాస్తున్నాను. అందులోనూ నన్నెవరూ దిండుతో కొట్టరు. థియేటర్లు ఇవ్వకపోతే ఎల్లారెడ్డి సంతలో తెర కట్టి చూపిస్తాను.

మా అరుగు ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు బీడీలు చుడుతున్నారు... పక్కన ఫోన్, ఫోన్లో నా పాత స్కిట్లు. ఒక్కొక్కరే నవ్వుకుంటున్నారు. ఆ నవ్వాగిన తర్వాత వాళ్ల మొహం చూసేవాళ్లు మాత్రం పక్కన లేరు.

మీ వాడకట్టులోనూ అందరికంటే గట్టిగా నవ్వే మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి. వాళ్లు ఎందుకంత గట్టిగా నవ్వేవాళ్లో మీకు తెలిస్తే... అదీ రాయండి.