రెండుసార్లు వచ్చిన పీర్ల పండుగ

మా లింగమ్మక్క రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు మా కంప్యూటరు తుడిచేది. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలోనే అక్కడ ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. ఎనిమిది గంటలు అద్దాలూ నేలా తుడిచే మనిషికి ఇంట్లో కూడా ఇదేం పిచ్చి అని కసురుకునేదాన్ని. "దానికి దుమ్ము పడితే నీకేందక్కా?" అంటే, "నా బిడ్డ ఉన్నది గదనే అండ్ల" అనేది. శంషాబాద్ మొత్తంలో నా నోరు మూయించగలిగింది ఆమె ఒక్కతే.

లింగమ్మ నాకు తోటికోడలు. ఆమె భర్త బాలమల్లు బావ కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నా భర్త శేఖర్ ఆయనకు తమ్ముడు. అందరిదీ ఒకే ఇల్లు, ఒకే వాకిలి, పక్కపక్క గదులు.

పెళ్లయిన పదకొండేళ్ల దాకా ఆమెకు కడుపు పండలేదు. మొక్కని దేవుడు లేడు. చివరికి పీర్లకు మొక్కింది, బిడ్డ పుడితే పండుగ నాడు ఫకీరు వేషం కట్టిస్తానని. మా దగ్గర అది మామూలే. పీర్ల పండుగకు, అదే మొహర్రంకు, మేమూ పీర్లకు దట్టీ గుడ్డలు కడతాం, రొట్టెలూ బెల్లమూ కలిపి మలీద చేస్తాం, అగ్గిగుండం చుట్టూ ఆడతాం. 2008 దసరా ముందు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మొక్కుకు పుట్టింది కాబట్టి ఉసేనమ్మ అని పేరు పెట్టుకున్నారు. అప్పటికి నా నవ్య పుట్టి పన్నెండు రోజులు. ఇద్దరినీ ఒకే ఉయ్యాలలో వేసి ఊపేవాళ్లం.

అక్కకు దిష్టి భయం చెప్పలేనంత. శేఖర్ కొత్తగా కెమెరా కొని తెస్తే పిల్ల ఉన్న గదిలోకి కూడా రానివ్వలేదు. "ఫోటో దిగితే పిల్ల సిక్కిపోతది, జర అవతలికి పో" అని తరిమింది. జనవరిలో పీర్ల పండుగ నాడు మాత్రం ఆమే పిలిచింది. "పీర్ల ముందల ఏ దిష్టి పారది. ఇగ ఎన్ని తీస్తవో తియ్యి" అంది. పిల్లలిద్దరికీ ఆకుపచ్చ చొక్కాలు, ఆకుపచ్చ కుల్లాయిలు, మెడలో ఎర్రదారాల దండలు, నుదుట ఊదు బూడిద. ఎవరు ఎవరో తెలియక బాలమల్లు బావ నా బిడ్డను ఎత్తుకొని తన బిడ్డనుకొని ముద్దులాడాడు. అందరం పడీ పడీ నవ్వాం. ఆ రోజు శేఖర్ నలభై దాకా ఫోటోలు తీశాడు.

మార్చిలో ఉసేనమ్మకు జ్వరం వచ్చింది. దవాఖానలో మూడు రోజులుంది. నాలుగో రోజు అక్క ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది.

కంప్యూటర్లోకి ఎక్కించిన ఆ ఫోటోలు కడిగిస్తానని శేఖర్ అంటే ఆమె వద్దంది. "చూస్తే నా పానం నిలవది. అండ్ల ఉండనియ్యి" అంది. అలా నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లూ ఆమె చూడలేదు, అడగలేదు. పొద్దున లేచి ఒక మెత్తటి గుడ్డతో ఆ పెట్టెను తుడవడం, అంతే.

2013 వచ్చేసరికి కంప్యూటరు మూలగడం మొదలుపెట్టింది. దీన్ని అమ్మి ల్యాప్‌టాప్ తీసుకుందాం, లోపలున్నవన్నీ సర్దిపెట్టు అని శేఖర్ నాకు అప్పజెప్పాడు. ఇంటర్ చదివిన పాపానికి ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. తెరిచి చూద్దును కదా, చెత్తకుప్ప. రేషన్ కార్డు స్కాను పెళ్లి ఫోటోల్లో ఉంది, కరెంటు బిల్లు బోనాల ఫోటోల్లో ఉంది. న్యూ ఫోల్డర్ అని ఒకటి కాదు, ఇరవై మూడు ఉన్నాయి. శేఖర్‌ను తిట్టుకుంటూ ఒక్కొక్కటే విప్పుతున్నాను.

సాయంత్రం అక్క డ్యూటీ నుంచి వచ్చి, కంప్యూటరు అమ్మేస్తారన్న సంగతి విని, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"స్వర్ణా, నా బిడ్డను సూపియ్యవే" అంది.

నేను నమ్మలేదు. "నిజంగనా అక్కా?"

"మొఖం మర్శిపోతున్ననే. కండ్లు మూసుకుంటే నీ నవ్య మొఖమే వస్తున్నది. ఎంత పరేషానయితున్ననో నీకేం ఎరుక. ఒక్కపారి సూస్త. సూసి ఒక ఫోటో కడిగించుకుంట."

కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టాను. దొరకడం ఎంతసేపు అనుకున్నాను, పీర్ల ఫోటోలు విడిగా పెట్టినట్టు నాకు గుర్తుంది. పీర్లు 2009 అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఫోల్డరు దొరికింది కూడా. తెరిచాను. అరవై రెండు ఫోటోలు. మొదటి దాంట్లో నవ్య తప్పటడుగులు వేస్తోంది. రెండో దాంట్లోనూ నవ్యే. నొక్కుతూ పోయాను. నాలుగు నెలల పసిపిల్ల ఎక్కడా లేదు.

"ఇది కాదక్కా, ఇంకోటి ఉంటది" అన్నాను.

ఇంకోటి లేదు. మూడు రోజులు వెతికాను. ప్రతి ఫోల్డరూ, పెన్ డ్రైవులూ, పాత సీడీలూ, చెత్తబుట్ట గుర్తు లోపల కూడా. అక్క డ్యూటీకి సెలవు పెట్టి నా పక్కనే కూర్చుంది. తిండి లేదు. బాలమల్లు బావ వచ్చి పిలిచినా కదల్లేదు. ఏ పసిపిల్ల ఫోటో కనబడినా "ఆగు, ఆగు" అని తెర మీద వేలు పెట్టేది. చూస్తే ఎవరి పిల్లో అయ్యేది. మూడో రోజుకు తెర మీదంతా ఆమె వేలి గుర్తులే.

అప్పుడు నాకు తట్టింది, తట్టకపోయినా బాగుండేది. పీర్ల పండుగ నెలవంకను బట్టి వస్తుంది. ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. 2009లో జనవరిలో ఒకసారి వచ్చి, మళ్లీ డిసెంబరు ఆఖరున ఇంకోసారి వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు పండుగలు. డిసెంబరు ఫోటోలు ఎక్కించింది నేనే. వాటికీ పీర్లు 2009 అనే పేరు పెట్టాను. ఆ పేరుతో ముందే ఒకటి ఉంది, దాని మీదే ఎక్కించమంటావా అని కంప్యూటరు అడిగింది. కెమెరా కార్డు మధ్యలో ఖాళీ చేసినందువల్ల ఫోటోల నంబర్లు కూడా ఒకటి నుంచే మొదలయ్యాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని, ఏం అడుగుతోందో చదవకుండా, అన్నిటికీ యెస్ అని నొక్కి పోయాను. నలభై ఫోటోల మీద అరవై రెండు ఎక్కి కూర్చున్నాయి.

చెప్పకుండా ఉండొచ్చు. మిషన్ పాతది, పోయాయి అంటే నమ్మేది. కాని దాచుకోవడం నాకు చేతకాదు.

"నేనే పోగొట్టిన అక్కా" అన్నాను. ఎలా జరిగిందో అంతా చెప్పాను.

ఆమె తెర మీంచి వేలు తీసేసింది. తర్వాత మెల్లగా అంది. "మట్టిల ఒకపారి పెట్టొచ్చిన. రెండోపారి నువ్వు పెట్టినవు."

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కంప్యూటరు తుడవలేదు. రాత్రిళ్లు పక్క గదిలోంచి ఏడుపు వినబడేది. నాకు బతకాలనిపించలేదు, నిజం చెప్తున్నాను. ఐదో రోజు పొద్దున శేఖర్‌తో ఆ పెట్టెను విప్పించి, లోపలి డిస్కు పట్టుకొని ఆరాంఘర్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే బుచ్చయ్య దగ్గరికి పోయాను.

"మీద ఎక్కినయి గదమ్మా, ఆశ పెట్టుకోకు" అన్నాడు. ఆయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నాలుగు రోజులు ఆయన మిషన్ ఆ డిస్కును గెలికింది. నేను రోజూ పోయి ఆ దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాను. ఆఖరి రోజు ఒకే ఒక్క ఫోటో దొరికింది, అదీ సగం. పైన కుల్లాయి, ఊదు పూసిన నుదురు, కాటుక కళ్లు, ఒక చెవి, ముక్కు కొస. దాని కింద మొత్తం బూడిద రంగు. నోరు లేదు, గడ్డం లేదు. బుచ్చయ్య ఆ సగాన్నే పెద్దదిగా కడిగించి ఇచ్చాడు.

ఆటోలో పట్టుకొని కూర్చొని ఆ ఫోటో చూస్తూ వచ్చాను. మైలార్‌దేవ్‌పల్లి దాటకముందే నా చూపు ఆ చెవి దగ్గర ఆగింది. నా నవ్యకు పుట్టుకతోనే ఎడమ చెవి ముందు ఆవగింజంత కండ ఉంది. ఫోటోలో ఆ చెవి ముందు ఆ కండ ఉంది.

ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లో కూర్చొని ఉంది. నా చేతిలోది చూసి లేచింది. చెప్పాలని నోరు తెరిచాను. ఆమె లాక్కొని, ఆ బొమ్మ నుదుటి మీద వేలు పెట్టి, కళ్ల మీదుగా కిందికి నిమిరింది. బూడిద రంగు దగ్గర వేలు ఆగింది.

"నా ఉసేనమ్మ" అంది. "గిదే మొఖం. గిదే స్వర్ణా, యాదికొచ్చింది" అని రొమ్ముకు హత్తుకొని అక్కడే కూలబడి ఏడ్చింది.

నవ్యకు ఎన్నో ఆదివారాలు తలంటి పోసింది ఆమే. ఆ చెవి ఆమె చేతికి తెలియదా? తెలిసీ అలా అందా? అడిగే ధైర్యం నాకు లేదు.

ఏడుపు విని నవ్య బయటికి వచ్చింది. పెద్దమ్మ భుజం మీద వాలి ఫోటోలోకి తొంగి చూసింది. "ఫకీరు పాప! అమ్మా, గిది నేనేనా?" అని అడిగింది.

అక్క తలెత్తి నా వైపు చూసింది.

"కాదే," అన్నాను, "అది పెద్దమ్మ బిడ్డ."