ఎర్తింగ్ గుంతలో నీళ్లు

పాట ఆగినప్పుడు కూడా స్పీకర్లలో సన్నగా ఒక మోత వస్తుంటుంది, కరెంటు మోత. దాన్ని వదిలించడం నా పని. మొయినాబాద్ చుట్టుపక్కల ఫాంహౌస్‌లకూ ఫంక్షన్ హాళ్లకూ సౌండ్ సిస్టమ్‌లు బిగిస్తాను. చాలాసార్లు తప్పు ఎర్తింగ్‌దే అయి ఉంటుంది. గుంత తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, కడ్డీ పాతి, దాన్నుంచి ఇంటికి తీగ లాగుతారు. గుంత తడిగా ఉన్నన్నాళ్లు పేచీ లేదు. ఎండిందంటే మోత మొదలు.

ఈ ఎండాకాలం కనకమామిడిలో ఒక పటేలు ఫాంహౌస్‌కు పోయాను. ఖరీదైన సామాను, ఆన్ చేస్తే కందిరీగల గుంపు. గుంత మూత తీస్తే లోపల మన్ను బీటలు వారి ఉంది. నీళ్లు పోయించాక మోత అణిగింది. "మొక్కలకు పోస్తలేవా పటేలా? దీనిక్కూడ గట్లనే పోయించు" అని పెద్ద పంతులులా చెప్పి వచ్చాను.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. ఇంటికొచ్చి ముందు గదిలో నా బల్ల మీది ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే అదే మోత. ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ బల్ల మీద మోత ఎరగను. అందరికీ చెప్పుకొని మురిసేవాణ్ణి.

మూడు రోజులు తీగలు మార్చాను. ఆంప్లిఫయర్ మార్చాను. నా భార్య పోయిన చలికాలంలో చనిపోయింది, అప్పటి నుంచి రోడ్డు మీది కర్రీ పాయింట్‌లో అన్నం కట్టించుకొస్తున్నాను. ఆ పొట్లం విప్పకుండానే పని చేశాను. చివరికి తీగ అమ్మిన చేవెళ్ల షావుకారికి ఫోన్ చేసి గొడవపెట్టుకున్నాను.

"తీగ మంచిగనే ఉన్నదన్నా. నీ ఎర్తింగ్ చూస్కున్నవా జర?" అన్నాడతను.

"నాకే చెప్తున్నవా?" అని ఫోన్ పెట్టేశాను. కోపం చల్లారాక వంటింటి వెనక్కి పోయి గుంత మూత ఎత్తాను. లోపల బూడిదలాంటి మన్ను.

దొంతన్‌పల్లిలో ఉండే నా బిడ్డకు ఫోన్ చేశాను. "ఇన్నేండ్లు ఎండని గుంత ఈ ఏడు ఎట్ల ఎండిందే?" అన్నాను.

"బాపూ, అమ్మ రోజు బియ్యం కడిగిన నీళ్లు అండ్లనే పోస్తుండె. నీకు తెల్వదా? ఇల్లు కట్టినప్పుడు నువ్వే చెప్పినవంట, గుంత ఎండనియ్యకని."

చెప్పానేమో. నాకైతే గుర్తు లేదు. ఒక్కసారి అన్న మాటను ఆమె పోయేదాకా పట్టుకుంది. నాతో ఒక్కనాడూ అనలేదు. ఎట్లా అంటుంది? నేను బల్ల దగ్గర ఉన్నంతసేపూ ఆమె నోరు మూయించడమే కదా నా పని. గిన్నె కదిలినా, "చప్పుడు చెయ్యకు, మోత ఇంటున్న" అని కసిరేవాణ్ణి.

"ఏం మోతనో ఏమో, నాకైతే ఏం ఇనొస్తలేదు" అని నవ్వేది. నిజమే, వినపడకుండా చేసింది ఆమే.

ఆ రోజు మూడు బకెట్లు పోశాను. తర్వాత డబ్బాలో మిగిలిన బియ్యం తీశాను. ఒక్కడికి ఎన్ని వేయాలో తెలియక ఇద్దరికి సరిపడా వేసి, కడిగి, ఆ నీళ్లూ గుంతలో పోశాను. తెల్లటి నీళ్లు గటగటా ఇంకిపోయాయి.

లోపలికి వచ్చి ఆన్ చేసి, స్పీకర్‌కు చెవి ఆనించాను. మోత లేదు. ఇల్లంతా ఏ చప్పుడూ లేదు. దీనికోసమే కదా ఇన్నేళ్లూ ఆమెను కసిరాను. అట్లాగే చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాను, వంటింట్లో ఒక్క గిన్నె చప్పుడైతే చాలుననుకుంటూ.